చివరి పెట్టె కనబడిందా?

యంత్రాల వెంట తెలుగులోకి వచ్చి, పుట్టినచోటును మరిచిపోయి, ఊరి మాటల్లో కలిసిపోయిన పలుకుబళ్లలో రెండు ఒకదానికొకటి ఎదురుబొదురుగా నిలబడతాయి. ఒకటి 'లైన్ క్లియర్', రెండవది 'సర్వర్ డౌన్'. మొదటిది రైలు వెంట వచ్చింది. ఉద్యోగాల భర్తీకైనా, చిక్కుల్లో పడిన సినిమా విడుదలకైనా 'లైన్ క్లియర్' అని పత్రికలు శీర్షిక పెట్టడం ఎంత మామూలైపోయిందంటే, ఆ మాట మొదట ఒక స్టేషన్ మాస్టర్ నోటి నుంచి వచ్చిందనీ, అది మరో స్టేషన్ మాస్టర్ అడిగిన ప్రశ్నకు జవాబనీ చదివేవారికి తోచదు. రెండవది రేషన్ దుకాణంలోని ఈ-పాస్ యంత్రం వెంట, మీసేవ కౌంటరు వెంట, గ్రామ సచివాలయం వెంట వచ్చింది. నిజానికి రెండూ ఒకే జాతి మాటలు. కంటికి ఆనని దూరంలో ఉన్న ఒక వస్తువు ఎలా ఉందని ఒకరు అడిగితే మరొకరు పంపిన కబురే రెండింటికీ మూలం.

ఈ రెండు మాటలనూ కలిపి చూడటానికి అనంతపురం జిల్లా ఉత్తరపు కొసన ఉన్న యాడికి తగిన చోటు. గుత్తికీ తాడిపత్రికీ నడుమ సాగే రైలుమార్గం మీది రాయలచెరువు స్టేషన్ యాడికి మండలంలోనే ఉంది. మద్రాసు రైల్వే కంపెనీ మద్రాసు వైపు నుంచి కడప, తాడిపత్రి, గుత్తి, ఆదోని మీదుగా వేసుకుంటూ వచ్చిన మార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేను కలిసింది. అంటే మద్రాసు, బొంబాయి నగరాలను కలిపే దారి ఈ కరువు నేల మీదుగానే పడింది. 1908లో ఈ మార్గం మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి, 1951లో దక్షిణ రైల్వే చేతికి వచ్చింది. గుంతకల్లు డివిజన్ 1977లో దక్షిణ మధ్య రైల్వేలో చేరినప్పుడు సికింద్రాబాద్ పెద్దదిక్కయింది. ఆ సికింద్రాబాద్ ప్రస్తావన ఈ వ్యాసంలో మరో సందర్భంలో మళ్లీ వస్తుంది.

ఇక్కడ చర్చించదలచిన విద్య లోడ్ బ్యాలెన్సర్ వెనక ఉన్న సర్వర్ల స్థితిని కమాండ్ లైన్ నుంచి విచారించడం. సర్వర్ అంటే అడిగినవారికి అడిగిన సమాచారం అందించే కంప్యూటర్. ఒక్క కంప్యూటర్ లక్షలమంది అడిగేవారిని తట్టుకోలేదు కాబట్టి ఒకే పని చేసే సర్వర్లను పదో ఇరవయ్యో వరుసగా నిలబెడతారు. ఆ వరుసను పూల్ అనీ, అందులోని ఒక్కొక్క సర్వర్‌ను మెంబర్ అనీ అంటారు. వాటి ముందు కూర్చుని, వచ్చిన ప్రతి కోరికనూ ఏదో ఒక సర్వర్‌కు అప్పగించేది లోడ్ బ్యాలెన్సర్. కమాండ్ లైన్ అంటే బొమ్మలూ బొత్తాలూ లేకుండా అక్షరాలతో ఆజ్ఞ టైపు చేసి, అక్షరాలతోనే జవాబు పొందే పద్ధతి. సీమ పలుకులో 'యాడికి' అంటే 'ఎక్కడికి' అని అర్థం. ఊరిపేరు వ్యుత్పత్తి సంగతి ఎలా ఉన్నా, లోడ్ బ్యాలెన్సర్ తనకు అందిన ప్రతి కోరిక విషయంలోనూ వేసుకునే ప్రశ్న ఆ ఒక్క మాటే. అయితే యాడికి పంపాలో తేల్చుకోవాలంటే అక్కడ దాన్ని అందుకునే దిక్కు ఉందో లేదో ముందు తెలియాలి. పంపకం ఒక పని, విచారణ ఇంకొక పని. ఈ రెండూ చరిత్రలో ఎప్పుడు కలిశాయి, ఎప్పుడు విడిపోయాయి అన్నది చూస్తే ఈ విద్య సంగతి చాలావరకు తేటపడుతుంది.

రెండూ ఒక్క మనిషి చేతిలో ఉన్న పాత ఉదాహరణ నీరుగంటిది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే ఈ పీఠభూమిలో చెరువు కింద ఉన్న ఆయకట్టుకు తూము ఎత్తి నీరు వదలడం, ఏ మడికి ఎంతసేపు పారాలో చూడటం అతని వృత్తి. అందుకు ప్రతిఫలంగా ఈనాం భూమి, పంటలో కొంత గింజ దక్కేవి. వంతుల వారీగా నీరు పెట్టడాన్ని నేటి పరిభాషలో రౌండ్ రాబిన్ అంటారు, విస్తీర్ణాన్ని బట్టి ఎక్కువ తక్కువగా పెట్టడాన్ని వెయిటెడ్ పంపకం అంటారు. కానీ నీరుగంటికి విచారణ అనే పని వేరుగా లేదు. అతను గట్టు మీద నడిచేవాడు కాబట్టి ఎక్కడ గండి పడిందో, ఏ మడి నిండిందో తన కళ్లతోనే చూసేవాడు. పంచేవాడికీ పుచ్చుకునే చోటుకూ మధ్య చూపు ఆనని దూరం వచ్చినప్పుడే అడగడమనే పని, దానికొక భాష, ఆ భాషకు నియమాలు అవసరమయ్యాయి.

ఆ దూరాన్ని తెచ్చింది రైలు. పక్కపక్క స్టేషన్ల నడుమ ఉన్న దారి భాగాన్ని బ్లాక్ సెక్షన్ అంటారు. ఒక సెక్షన్‌లో ఒకే సమయంలో ఒక్క బండే ఉండాలన్నది మూలనియమం. బండిని పంపదలచిన స్టేషన్ మాస్టర్ ముందు స్టేషన్‌కు గంట కొట్టి అడగాలి. భారతీయ రైల్వేల గంట సంకేతాల్లో రెండు దెబ్బలు లైన్ క్లియరేనా అన్న ప్రశ్న, మూడు దెబ్బలు బండి సెక్షన్‌లోకి అడుగుపెట్టిందన్న కబురు, నాలుగు దెబ్బలు బండి సెక్షన్ దాటి వచ్చేసిందన్న కబురు. జంట మార్గాల మీద వాడే బ్లాక్ యంత్రం ముఖాన మూడు స్థితులు ఉంటాయి: లైన్ క్లోజ్డ్, లైన్ క్లియర్, ట్రైన్ ఆన్ లైన్. ఒంటి మార్గాల మీద నీల్ టోకెన్ యంత్రం వాడేవారు. ఇరువైపుల స్టేషన్ మాస్టర్లూ ఒప్పుకుంటేనే బయటికి వచ్చే ఉక్కు గుండును తోలుసంచిలో వేసి, ఆ సంచిని వెదురు వలయానికి కట్టి, కదులుతున్న ఇంజనులోని డ్రైవర్‌కు అందించేవారు. యంత్రం మొరాయించినప్పుడు ఇచ్చే కాగితానికి పేపర్ లైన్ క్లియర్ టికెట్ అని పేరు.

ఈ పద్ధతిలో రెండు సంగతులు తర్వాతి చరిత్రకు కీలకం. మొదటిది, యంత్రం ఊరికే ఉన్నప్పుడు చూపే స్థితి క్లియర్ కాదు, క్లోజ్డ్. అడగకుండా, జవాబు రాకుండా దారి ఖాళీగా ఉందని అనుకోవడానికి వీల్లేదు. రెండవది, బండి వచ్చేసిందని నాలుగు దెబ్బలు కొట్టడానికి ఇంజను స్టేషన్‌లోకి వస్తే చాలదు. కడపటి పెట్టె వెనక తగిలించిన ఎల్‌వీ అన్న పలకను, రాత్రి అయితే ఎర్రదీపాన్ని, స్టేషన్ సిబ్బంది కళ్లారా చూడాలి. నడుమ ఎక్కడైనా లంకె తెగి నాలుగు పెట్టెలు సెక్షన్‌లోనే నిలిచిపోయి ఉంటే ముందుభాగం మాత్రం దర్జాగా స్టేషన్ చేరుతుంది. ఇంజనును చూసి లైన్ క్లియర్ ఇచ్చినవాడు వెనక వచ్చే బండిని ఆ పెట్టెల మీదికి తోలినట్టే. పంతొమ్మిదో శతాబ్దపు రైల్వే తన ప్రమాదాల నుంచి నేర్చుకున్న ఈ పాఠాన్ని కంప్యూటర్లవారు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

అంతకుముందు టెలిఫోన్ ఎక్స్చేంజీలో మరో రకం విచారణ పుట్టింది. మనుషులు నడిపే పెద్ద బోర్డుల్లో ఒకే చందాదారు గీతకు చాలామంది ఆపరేటర్ల ముందు ఒక్కొక్క రంధ్రం ఉండేది. ఆ గీతను పక్క ఆపరేటర్ అప్పటికే వాడుతున్నదో లేదో తెలియడానికి తీగ చివరి ప్లగ్ మొనను రంధ్రపు అంచుకు తాకించి చూసేవారు. చెవిలో టక్కుమని చప్పుడు వస్తే గీత పనిలో ఉందని అర్థం, రాకపోతే ఖాళీ. ప్రశ్నకు ఒక తాకుడు, జవాబుకు ఒక చప్పుడు, అంతా కలిసి ఒక్క క్షణం. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1909లో, 1917లో ప్రచురించిన వ్యాసాలు ఎన్ని గీతలుంటే ఎంతమందికి ఖాళీ దొరకదో లెక్కగట్టే దారి చూపాయి. ఎంత సామర్థ్యం కావాలో తేల్చుకునే గణితానికి నేటికీ అదే పునాది. అయితే ఆ టక్కుమనే చప్పుడు గీత పనిలో ఉందో లేదో మాత్రమే చెప్పింది, అవతలి తీగ తెగి ఉంటే చెప్పలేదు. ఖాళీగా ఉండటం వేరు, బాగుండటం వేరు.

తెలుగునాట ఈ చరిత్ర కంప్యూటర్ల దశకు చేరినది మళ్లీ రైల్వే ద్వారానే. రిజర్వేషన్ టికెట్ల కంప్యూటరీకరణ 1980ల నడుమ ఢిల్లీలో మొదలైంది. మొదట్లో ఒక్కొక్క మహానగరపు వ్యవస్థ తన పరిధిలోని బండ్లకే పరిమితం. వాటిని ఒకదానితో ఒకటి కలపడానికి రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్, తయారుచేసిన కాన్సర్ట్ అనే కొత్త వ్యవస్థ 1994 సెప్టెంబరులో తొలిసారి అమల్లోకి వచ్చింది సికింద్రాబాద్‌లో. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అనే ఐదు కేంద్రాలూ 1999 ఏప్రిల్ నాటికి ఒక్క వల అయ్యాయి. కాన్సర్ట్ నడిచింది డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వీఎంఎస్ అనే వ్యవస్థ మీద. అడిగినవారి కోరికను సరైన కేంద్రానికి చేర్చి, నడుమ ఏదైనా తెగిపోయినా లావాదేవీ సగంలో ఆగకుండా చూసే పనిని ఆ కంపెనీదే అయిన రిలయబుల్ ట్రాన్సాక్షన్ రూటర్ చేసేది. 'యాడికి' అన్న ప్రశ్నకు యంత్రం చేత జవాబు చెప్పించిన తొలి పెద్ద తెలుగు ఉదాహరణగా దాన్ని లెక్కించవచ్చు.

కమాండ్ లైన్ విచారణకు కూడా వీఎంఎస్ పాత ఇల్లే. 1983లో ప్రకటించిన వ్యాక్స్ క్లస్టర్ పద్ధతిలో అనేక కంప్యూటర్లు ఒకటిగా మెలగేవి. తెర మీద 'షో క్లస్టర్' అని టైపు చేస్తే ఏ కంప్యూటర్ జట్టులో ఉందో, ఏది వెలి అయిందో వరుసగా కనబడేది. అక్కడ ఎవరు సభ్యులన్నది సభ్యులే తేల్చుకునేవారు. ప్రతి కంప్యూటర్‌కూ ఓట్లు ఉండేవి, చాలినన్ని ఓట్లు కూడకపోతే జట్టు పని ఆపేసేది. గ్రామసభలో కోరం లేకపోతే తీర్మానం చేయనట్టే. వెబ్ కాలంలో వచ్చిన పద్ధతి దీనికి భిన్నం: అక్కడ సభ్యులకు ఒకరి సంగతి ఒకరికి తెలియదు, బయట నిలబడిన లోడ్ బ్యాలెన్సర్ ఒక్కటే అందరినీ పలకరిస్తుంది.

వెబ్ తన తొలి అడుగుల్లో పలకరింపును వదిలేసి పంపకాన్ని మాత్రమే పట్టుకుంది. మొజాయిక్ బ్రౌజర్‌ను తయారుచేసిన ఇల్లినాయ్‌లోని ఎన్‌సీఎస్‌ఏ అనే సంస్థకు తన వెబ్‌సైటుకే వచ్చే జనాన్ని ఒక్క యంత్రంతో తట్టుకోవడం కష్టమై, 1994 నాటికి ఒకే పేరుకు అనేక సర్వర్ల చిరునామాలు తగిలించి, అడిగిన ప్రతిసారీ వరుస మార్చి చెప్పే ఏర్పాటు చేసుకుంది. పేరు చెబితే చిరునామా చెప్పే వ్యవస్థను డీఎన్‌ఎస్ అంటారు. 1995 ఏప్రిల్‌లో టామస్ బ్రిస్కో రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1794 అనే పత్రం ఈ విషయాన్ని చర్చించింది. ఏర్పాటు చవక, సులువు. కానీ డీఎన్‌ఎస్‌కు సర్వర్ బతికి ఉందో లేదో తెలియదు. పైగా ఒకసారి చెప్పిన చిరునామాను దారిపొడవునా ఉన్న కంప్యూటర్లు కొంతకాలం గుర్తుపెట్టుకుంటాయి. నలుగురిలో ఒకరు పడిపోతే, వచ్చిన నలుగురిలో ఒకరు మూసిన తలుపు దగ్గరికి వెళ్తూనే ఉండేవారు. గంట కొట్టకుండా బండ్లు తోలే స్టేషన్ మాస్టర్ వంటిది ఆ ఏర్పాటు.

పంపకాన్నీ విచారణనూ ఒకే పెట్టెలో పెట్టి అమ్మడం 1990ల రెండో సగంలో మొదలైంది. సిస్కో కంపెనీ 1996లో లోకల్ డైరెక్టర్‌ను, సియాటిల్‌లో 1996లో మొదలైన ఎఫ్5 కంపెనీ 1997లో బిగ్-ఐపీని తెచ్చాయి. 1998లో చైనాలో జాంగ్ వెన్‌సాంగ్ ఉచితంగా అందరికీ ఇచ్చిన లినక్స్ వర్చువల్ సర్వర్ మొదలైంది. 2000ల తొలినాళ్లలో ఫ్రాన్స్‌లో విల్లీ టారో హెచ్‌ఏప్రాక్సీని రాశాడు. తర్వాత సిట్రిక్స్ 2005లో కొన్న నెట్‌స్కేలర్ కూడా ఈ తరానిదే. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998 నవంబరులో కాబట్టి ఈ యంత్రాలూ, వాటిని దూరం నుంచి కాపలా కాసే తెలుగు ఉద్యోగీ దాదాపు కవలపిల్లలు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణాలయాల గోడల మీద లినక్స్, నెట్‌వర్కింగ్ కోర్సుల పేర్ల నడుమ ఎఫ్5 పేరు చేరింది. అమెరికా పగటికి సరిపోయే రాత్రి షిఫ్టులో కూర్చుని, 'మెంబర్ డౌన్ చూపిస్తోంది', 'నోడ్‌ను పూల్ నుంచి తీసెయ్', 'ముందు డ్రెయిన్ చెయ్' అనే మాటలతో బతికే ఒక వృత్తి ఏర్పడింది. ఇందులో డ్రెయిన్ చేయడమంటే కొత్త కోరికలను ఆపి, అప్పటికే లోపల ఉన్నవాటిని ముగియనివ్వడం. తూము దించేసి, కాలువలో ఉన్న నీటిని మడికి పారనిచ్చే నీరుగంటికి ఈ పని విడమరచి చెప్పనక్కర్లేదు.

వీరు కమాండ్ లైన్‌ను ఎంచుకోవడానికి కారణం పట్టుదల కాదు. ఇబ్బంది వచ్చిన వేళ బొమ్మల తెర తెరుచుకోవడానికే నిమిషాలు పట్టవచ్చు, అక్షరాల తెర మాత్రం నీరసమైన లింకు మీద కూడా నడుస్తుంది. అదీగాక ఆజ్ఞను ఒకసారి రాసిపెట్టుకుంటే నూరు పూళ్లను వరుసగా అడగవచ్చు, నిన్నటి జవాబును నేటి జవాబుతో పోల్చవచ్చు. బిగ్-ఐపీలో మొదట బిగ్‌పైప్ అనే ఆజ్ఞ ఉండేది. 2009లో పదో వెర్షన్‌తో టీఎంఎస్‌హెచ్ అనే కొత్త పలక వచ్చింది, పదకొండో వెర్షన్‌లో బిగ్‌పైప్ కనుమరుగైంది. టీఎంఎస్‌హెచ్‌లో 'లిస్ట్' అంటే ఎలా అమర్చారో చెబుతుంది, 'షో' అంటే ఇప్పుడెలా ఉందో చెబుతుంది. కొత్తగా చేరినవారు 'లిస్ట్' కొట్టి, ఎనిమిది సర్వర్లూ పేర్లతో సహా కనబడ్డాయి గనుక ఎనిమిదీ పనిచేస్తున్నాయని నమ్మడం ఈ వృత్తిలో పాత పొరపాటు. అది ఓటర్ల జాబితా చూసి పోలింగు ఎంత జరిగిందో చెప్పడం వంటిది. 'షో ఎల్‌టీఎం పూల్' అన్న సరైన ఆజ్ఞ కొట్టినా ఇంకో ఉచ్చు ఉంది: ఎనిమిదింటిలో ఒక్క మెంబర్ బాగున్నా పూల్ మొత్తం 'అవైలబుల్' అనే చెబుతుంది. 'మెంబర్స్' అన్న మాట చేర్చి ఒక్కొక్కదాన్నీ విడివిడిగా అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

లినక్స్ వర్చువల్ సర్వర్‌ది మరో తీరు. 'ఐపీవీఎస్ఏడీఎమ్' అనే ఆజ్ఞ ఒక్కొక్క సర్వర్ పక్కన దాని వెయిటు, నడుస్తున్న సంబంధాల సంఖ్య చూపిస్తుందే కానీ బాగుందనో బాగాలేదనో ఒక్క ముక్క చెప్పదు. విచారణ పని దానిది కాదు, కీప్‌అలైవ్‌డీ వంటి తోడు ప్రోగ్రాముది. ఆ తోడు చచ్చిన సర్వర్‌ను జాబితా నుంచి తీసేస్తే, జాబితాలో లేకపోవడమే దాని మరణవార్త. ఉన్నవాటిని చూసి లేనిదాన్ని గుర్తుపట్టాలి. అందుకు మొత్తం ఎన్ని ఉండాలో ముందే తెలిసి ఉండాలి.

దగ్గరగా చూడదగినది హెచ్‌ఏప్రాక్సీ జవాబు. యంత్రంలో దాని కోసం తెరిచిన సాకెట్ అనే చిన్న కిటికీలోకి సోక్యాట్ అనే ఉపకరణం ద్వారా 'షో స్టాట్' అనే రెండు మాటలు పంపితే, కామాలతో విడదీసిన పొడవాటి వరుసలు కుప్పగా వచ్చి పడతాయి. ఒక్కొక్క సర్వర్‌కూ ఒక్కో వరుస ఉంటుంది. అందులో స్థితి అన్న గడిలో 'అప్' అనో 'డౌన్' అనో 'మెయింట్' అనో 'నో చెక్' అనో ఉంటుంది. కొన్నిసార్లు 'అప్ 2/3' అని కనబడుతుంది. ఈ భిన్నాన్ని చదవడం తెలిస్తే ఈ విద్యలో సగం వచ్చినట్టే. వేరే అమరిక చెప్పకపోతే హెచ్‌ఏప్రాక్సీ ప్రతి 2 సెకన్లకు ఒకసారి సర్వర్‌ను పలకరిస్తుంది, వరసగా 3 సార్లు పలకకపోతే డౌన్ అని రాస్తుంది, డౌన్ అయినది వరసగా 2 సార్లు సరిగా పలికితే మళ్లీ అప్ అని రాస్తుంది. కాబట్టి 'అప్ 2/3' అంటే ఒక పలకరింపు తప్పిపోయిన సర్వర్, 'అప్ 1/3' అంటే మరొక్కటి తప్పితే పడిపోయే సర్వర్. అంటే ప్రాణం పోయిన సర్వర్ కూడా కొన్ని సెకన్లపాటు తెర మీద బతికే ఉంటుంది, ఆ సెకన్లలో దానికి కోరికలు వెళ్తూనే ఉంటాయి. తెర మీద కనబడేది సర్వర్ స్థితి కాదు, సర్వర్‌ను చివరిసారి అడిగినప్పుడు వచ్చిన జవాబుల లెక్క. ఈ తేడా తెలియనివారు యంత్రం అబద్ధమాడిందంటారు.

అదే వరుసలో కొంచెం కుడివైపున ఇంకో గడి ఉంటుంది, అసలు ప్రశ్న ఏమిటో, జవాబు ఏమిటో అది చెబుతుంది. 'ఎల్4' తో మొదలైతే తలుపు తట్టి చూశారని అర్థం, అంటే సర్వర్‌లో ఆ పోర్టు తెరిచి ఉందో లేదో మాత్రమే కనుక్కున్నారు. 'ఎల్7' తో మొదలైతే లోపలికి వెళ్లి మాట్లాడారని అర్థం. 'ఎల్4 ఓకే' అని చూపిస్తూ డౌన్ కాకుండా ఉన్న సర్వర్ వెనక డేటాబేసు మూతబడి, వచ్చిన ప్రతివారికీ తప్పు పేజీ అందుతూ ఉండవచ్చు. ఇంజను వచ్చింది, పెట్టెలు రాలేదు. అందుకే అనుభవం ఉన్నవారు ఒక పేజీని అడిగి, అందులో రావలసిన మాట వచ్చిందో లేదో చూసే విచారణను అమర్చారు. తర్వాతి కాలంలో ప్రోగ్రాములు రాసేవారే తమ డేటాబేసును, తోడు సేవలను తామే పరీక్షించుకుని జవాబిచ్చే ప్రత్యేక పేజీని కట్టడం మామూలైంది. ఎల్‌వీ పలక వెబ్ లోకానికి అలా చేరింది. మరీ లోతుగా అడగడంలోనూ ముప్పు లేకపోలేదు: అన్ని సర్వర్లూ ఒకే డేటాబేసును అడిగి జవాబిస్తే, ఆ డేటాబేసు ఒక్క క్షణం తడబడినా పూల్ మొత్తం ఒకేసారి డౌన్ అవుతుంది.

ఏమీ తెలియనప్పుడు ఏమని చెప్పాలన్న ప్రశ్న దగ్గర ఒక్కొక్క యంత్రం స్వభావం బయటపడుతుంది. రైల్వే బ్లాక్ యంత్రం క్లోజ్డ్ అంటుంది. హెచ్‌ఏప్రాక్సీ సంప్రదాయంగా తాను మొదలైనప్పుడు సర్వర్లన్నీ బాగున్నాయనే అనుకుని, తొలి పలకరింపు తప్పగానే మాట మార్చుకుంటుంది. బిగ్-ఐపీ విచారణ అమర్చని మెంబర్ గురించి 'అన్‌నోన్' అని చెబుతుంది, బొమ్మల తెర మీద దానికి నీలిరంగు చతురస్రం. ఆకుపచ్చకు, ఎరుపుకు అలవాటుపడిన కళ్లకు ఆ నీలం చిరాకు కలిగిస్తుంది గానీ, అడగనిదాని గురించి తెలియదని చెప్పే నిజాయితీ ఆ ఒక్క రంగుకే ఉంది. అందరూ ఒకేసారి పలకడం మానేసినప్పుడు ఏం చేయాలన్నది దీనికి తోబుట్టువు. 2016లో వెలువడిన ఎన్వాయ్ అనే లోడ్ బ్యాలెన్సర్, బాగున్న సర్వర్లు సగం కంటే తగ్గితే విచారణనే అనుమానించి అందరికీ పంచడం మొదలుపెడుతుంది. అమెజాన్ లోడ్ బ్యాలెన్సర్ కూడా ఒక్క సర్వరూ బాగాలేదని తేలితే అన్నింటికీ పంపుతుంది. రైల్వేలో ఈ ధైర్యం ఎవరూ చేయరు. అక్కడ పొరపాటు ఖరీదు ప్రాణాలు, ఇక్కడ ఒక తెల్ల పేజీ.

యాడికి వంటి ఊళ్లకు ఈ యంత్రాంగం చేరినది ప్రభుత్వ సేవల రూపంలో. హైదరాబాద్‌లో 2001లో ఈసేవ మొదలైంది. 2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ మండల కేంద్రాలకు వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభమయ్యాయి. అడంగల్ కావాలన్నా, కుల ధ్రువపత్రం కావాలన్నా ఊరి కంప్యూటర్ నుంచి బయలుదేరే కోరిక ఎక్కడో ఒక డేటా కేంద్రంలోని పూల్ ముందు నిలబడుతుంది. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ తన హైదరాబాద్ ప్రాంతాన్ని తెరిచింది. కమాండ్ లైన్‌లో దాని పేరు 'ఏపీ-సౌత్-2'. అందులో ఏపీ అంటే ఏషియా పసిఫిక్, ఆంధ్రప్రదేశ్ కాదు. అక్కడి పూల్‌ను 'డిస్క్రైబ్ టార్గెట్ హెల్త్' అని అడిగితే 'ఇనిషియల్', 'హెల్తీ', 'అన్‌హెల్తీ', 'డ్రెయినింగ్' వంటి స్థితులు వస్తాయి. అడగకముందు, అడుగుతున్నప్పుడు, సాగనంపేటప్పుడు అన్న దశలకు వేరువేరు మాటలు ఏర్పడ్డాయి.

ఊరి కౌంటరు దగ్గర మాత్రం ఇన్ని మాటలు లేవు. పూల్‌లో ఒక్క సర్వరూ మిగలకపోతే లోడ్ బ్యాలెన్సర్ 503 అనే సంఖ్యతో జవాబిస్తుంది, కోరికను అందుకునే సర్వర్ లేదని దాని భావం. సర్వర్ ఉండి, గడువులోగా జవాబు చెప్పకపోతే 504. చెప్పిన జవాబు అర్థం కాని రీతిలో ఉంటే 502. కొన్ని అమరికల్లో ఏ సంఖ్యా లేకుండా సంబంధం తెగిపోతుంది. లోడ్ బ్యాలెన్సర్ దాకా కోరిక చేరకుండా ఊరి బయటే తీగ తెగి ఉండటం కూడా జరుగుతుంది. వీటిలో మొదటిది పూల్ చూసేవారి పని, రెండవది చాలాసార్లు డేటాబేసువారి పని, చివరిది లైన్‌మన్ పని. కౌంటరుకు ఇవతల నిలబడినవారికి ఈ అయిదూ ఒకే రెండు మాటల్లో అందుతాయి, సర్వర్ డౌన్ అని. వేలిముద్ర సరిగా పడకపోయినా ఒక్కోసారి అదే జవాబు వస్తుంది.